కన్నడ ప్రభాతమున కాకినాడ కంఠము

పరరాష్ట్రములందు తరతరములుగా నివసించుచున్న మనకు మాతృభాష చెవిని బడుట యొక యానందము. మనవాడొకడు ఇరుగుపొరుగు భాషలో పాడగా, ఆ భాషవారు అతనిని తమవానిగనే భావించుట వేఱొక యానందము. ఈ రెండవ దానిలో ఒకింత వెలితియు లేకపోలేదు.

ఈ నడుమ బెంగుళూరులో ఒకనాటి యుదయమున, భక్తిగీతముల వేళ, రేడియోలో కనకదాసు కీర్తన యొకటి వినవచ్చెను. తలుపు తెఱచి సేవకు అవకాశ మిమ్మని స్వామిని వేడుకొను కీర్తన యది. 1960లో వెలువడిన ‘భక్త కనకదాస’ చిత్రమున రాజకుమార్‌ గారికై దానిని పాడినవారు పి. బి. శ్రీనివాస్. ఆ వేళకు ఆ గళమును ఎదురుచూడకపోవుటచేత కాబోలు, పాట ముగియువఱకు మఱియొక పని చేయ మనసొప్పలేదు. మా యింటి పిల్లలు మాత్రము గాయకుడు కన్నడిగుడే యని యనుకొనుచుండిరి. ప్రతివాద భయంకరము వారి యింటిపేరు వినియుండినచో ఏమనెడివారో!

ఆయన 1930 సెప్టెంబరు 22న కాకినాడలో జన్మించి, 2013 ఏప్రిల్ 14న చెన్నైలో కాలధర్మము నొందిరి. సినిమాలోనికి ఆయనకు త్రోవ చూపినవారు వైణిక విద్వాంసులు ఈమని శంకరశాస్త్రిగారు. మొదటి చిత్రము 1952 నాటి జెమినీవారి హిందీ చిత్రము ‘మిస్టర్ సంపత్’. కాకినాడ బిడ్డ మద్రాసులో హిందీతో ఆరంభించి, కన్నడమున కీర్తి గడించెననుట మనబోటి ప్రవాసులకు వింతగా తోపదు.

ఆయన గానపద్ధతికి మూలము మైక్రోఫోను. 1925 ప్రాంతమున విద్యుత్తుతో ధ్వనిముద్రణ చేయు విధానము వచ్చిన పిమ్మట, గాయకుడు సభ చివరి వరుసవఱకు వినిపింపవలసిన యావశ్యకత తొలగినది. అమెరికాలో బింగ్ క్రాస్బీ మొదలగువారు మైకునకు చేరువగా నిలిచి, చెంతనున్న యొక్కరితో మాటలాడినట్లు పాడుట నేర్చిరి. దానినే అచటివారు క్రూనింగ్ అనిరి. మన దక్షిణాది చిత్రములలో ఆ మర్మమును లెస్సగా గ్రహించినవారిలో శ్రీనివాస్‌గారు ముఖ్యులు. వారి బలమంతయు క్రింది స్థాయిలో నున్నది. అచట స్వరము పలుచబడక, నిండుగా, వెచ్చగా నుండును. పదమును ఒత్తి పలుకరు. ఊపిరి పీల్చిన చప్పుడు పాటకు అడ్డురాదు. పైన చెప్పిన కీర్తనలో స్వరము పైకి పోయినపుడును, వాకిట నిలిచి కేకవేసినట్లుండక, తలుపుపై చేయి ఆనించి లోనివారితో మెల్లగా పలికినట్లుండును. భక్తునికిని భగవంతునికిని నడుమ దూరము తక్కువని తెలుపుటకు ఇంతకంటె తగిన గొంతు అరుదు.

మఱి తెలుగువారు ఆయనను ఇంతగా ఏల వాడుకొనలేదు? మన చెవికి పద్యనాటకము అలవాటు. మైకు లేని కాలమున శ్రుతి పెంచి, రాగము దీసి, పందిరి చివరనున్నవానికి సైతము పద్యము చేరవేసిన నటులను విని పెరిగినది మన రసికత. విజయనగరము సంగీత కళాశాలలో నేర్చిన ఘంటసాలగారు ఆ పద్యమునకును మైకునకును సంధి కుదిర్చిరి. అందుచేత వారి తరువాత మఱియొకరికి చోటు చిక్కుట కష్టమైనది. ఇందు శ్రీనివాస్‌గారి గళమునకును కొంత బాధ్యత కలదు. వీరరసమున స్వరము ఎత్తవలసిన చోట్ల అది సన్నగిల్లును. వారి యభిమానినైనను నేను దీనిని కాదనజాలను. అయినను 1964 నాటి ‘మంచి మనిషి’, 1965 నాటి ‘ప్రేమించి చూడు’ చిత్రములలోని వారి పాటలు విన్నవారు, తెలుగున వారికి ఇంకను పని యుండెనని యొప్పుకొందురు.

ఆశ్చర్యమేమన, రాజకుమార్‌గారును నాటకరంగమునుండి వచ్చినవారే. గుబ్బి వీరణ్ణగారి కంపెనీలో పనిచేసినవారే. కన్నడిగులకును రంగస్థల సంగీతము కొఱవడలేదు. అయినను అచట ఈ మెత్తని గళము ఆ మహానటునికి అతికినట్లు కుదిరినది. వారి సంభాషణ ముగిసి పాట మొదలగునపుడు గొంతు మాఱినదని తోచదు. 1971 నాటి ‘కస్తూరి నివాస’ దీనికి చక్కని నిదర్శనము. 1974లో ‘సంపత్తిగె సవాల్’ చిత్రమున రాజకుమార్‌గారు తామే ఒక పాట పాడి మెప్పించిన పిమ్మట ఈ జంట క్రమముగా సడలినది.

ఉచ్చారణను గూర్చి ఒక మాట. తెలుగున చకారజకారములు రెండేసి విధములు. ‘చలి’లోని చకారము వేఱు, ‘చెలి’లోనిది వేఱు. కన్నడమున ఆ దంత్యములు లేవు. కావున తెలుగు గాయకుడు కన్నడము పాడునపుడు మొదట పట్టుబడునది ఇచటనే. శ్రీనివాస్‌గారు పట్టుబడలేదు. తమిళమున సైతము, 1961 నాటి ‘పావ మన్నిప్పు’లో జెమినీ గణేశన్‌గారికై పాడిన పాటను విన్న తమిళులు గాయకుని ఊరు పేరు అడిగినట్లు కానరాదు. పెక్కు భాషలలో కవిత్వము వ్రాసి, ఉర్దూ గజళ్లు రచించినవారు గనుక ప్రతి భాషకు గల నుడికారపు కొలత వారికి తెలియును. మదరాసులో డ్రైవ్‌ఇన్ ఉడ్‌లాండ్స్ హోటలున రంగురంగుల కలములు జేబున పెట్టుకొని కూర్చుండి వ్రాసికొనుచుండిన ఆ పెద్దమనిషిని చూచినవారు మన సంఘములలో ఇప్పటికిని పలువురు గలరు.