శాతం చెప్పని సత్తువ

పిల్లల ఎగ్జిమా గురించి మాట్లాడేటప్పుడు వినిపించే స్టెరాయిడ్ ట్యూబులను పక్కపక్కన పెట్టి చూడండి. హైడ్రోకార్టిజోన్ మీద 1 శాతం అని ఉంటుంది. బీటామెథాసోన్ వాలరేట్, మొమెటాసోన్ మీద 0.1 శాతం. క్లోబెటాసోల్ మీద 0.05 శాతమే. అంకెను బట్టి మొదటిదే ఘాటు అనుకుంటాం. నిజానికి అన్నిటిలోకీ సౌమ్యమైనది అదే, అత్యంత తీవ్రమైనది చివరిది. శాతం చెప్పేది మందు ఎంత కలిపారన్నదే. సత్తువంతా అణువు కట్టుబడిలో ఉంది.

హైడ్రోకార్టిజోన్ అంటే మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాలే. నాలుగు కర్బన వలయాల చట్రం అది. చర్మవ్యాధుల మీద పైపూతగా అది పనిచేస్తుందని 1952లో చర్మవైద్యులు సల్జ్‌బర్గర్, విటెన్ చూపించారు. తర్వాతివాళ్లు ఆ చట్రాన్ని అలాగే ఉంచి, అంచుల్లో పనితనం చూపారు. తొమ్మిదో కర్బనానికి ఒక ఫ్లోరిన్ చేర్చితే మందు బలం పెరిగింది. పదిహేడో కర్బనానికి వాలరేట్ తగిలిస్తే అణువు కొవ్వులో బాగా కరిగి, చర్మపు పైపొరను దాటగలిగింది. ఒట్టి బీటామెథాసోన్ పైపూతగా అంతంతమాత్రమే. ఆ చిన్న తోకతో బలమైన మందయింది. ఫ్లుటికాసోన్ అనే మరో స్టెరాయిడ్‌లో ఇంకో నేర్పుంది: రక్తంలో చేరిన కొద్దిపాటి మందునూ కాలేయం త్వరగా నిర్వీర్యం చేసేస్తుంది.

ఈ తేడాలను కొలిచే పద్ధతిని 1962లో పరిశోధకులు మెకెంజీ, స్టౌటన్ ప్రకటించారు. స్టెరాయిడ్ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుస్తుంది. ముంజేతి మీద మందు రాసి, కొన్ని గంటలాగి, అక్కడ చర్మం ఎంత పాలిపోయిందో చూస్తారు. కోత లేదు, సూది లేదు.

మందును మోసే ఆధారమూ ముఖ్యమే. పెట్రోలియం జెల్లీతో చేసిన ఆయింట్‌మెంట్ చర్మంలోని తేమను బయటికి పోనివ్వదు, మందును లోపలికి బాగా పంపుతుంది. ఎండి, మందంగా మారిన మచ్చలకు అది తగినది. నీరూ నూనే కలిసిన క్రీమ్ తేలిగ్గా పరుచుకుంటుంది, రసి కారే చోట నప్పుతుంది.

పసివాళ్ల చర్మం పలుచన. బరువుతో పోలిస్తే దాని వైశాల్యమూ ఎక్కువ. అందుకే ముఖానికి సాధారణంగా హైడ్రోకార్టిజోన్‌తో సరిపెడతారు. ఒంటి మీద, కాళ్లూచేతుల మీద ఎగ్జిమా విజృంభిస్తే డాక్టరు కొద్దిరోజులకు బలమైనది రాయవచ్చు. క్లోబెటాసోల్ మాత్రం చర్మవైద్యుల పర్యవేక్షణ లేకుండా పిల్లలకు వాడకూడదు.

మోతాదుకు కొలత మన వేలే. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబులోంచి పిండిన గీత సుమారు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో సహా, చర్మానికి అది చాలు. ఏడాది, రెండేళ్ల బిడ్డ ముఖానికీ మెడకూ కలిపి అలాంటివి ఒకటిన్నర. భయపడి తక్కువ రాస్తే మంట తగ్గదు, ఆత్రపడి తీవ్రమైనది రాస్తే చర్మం పలుచబడుతుంది. చోటు, వయసు, మచ్చ తీరు చూసి సరిపడే మందును సరిపడా రాసినప్పుడే, ఆ అణువు మీద పెట్టిన శ్రద్ధంతా బిడ్డకు దక్కుతుంది.