కోటి మంది కిమ్‌లలో ఒక తాత

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల ఊళ్లకు కొరియా పేర్లు అలవాటైపోయాయి. కిమ్, లీ, పార్క్. ఎవరిని పలకరించినా ఈ మూడింటిలో ఒకటి వినిపిస్తుంది. ఆ దేశంలో ఇంకో ఇంటిపేరే లేదా అన్న సందేహం రావడం సహజం. 2015 నాటి దక్షిణ కొరియా జనగణనలో కిమ్‌లు కోటీ ఆరు లక్షలకు పైమాటే, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. లీలు 73 లక్షలు, పార్క్‌లు దాదాపు 42 లక్షలు. ఈ మూడు పేర్లే దేశ జనాభాలో ఇంచుమించు 45 శాతం.

అలాంటి చోట ఒక కిమ్ తన ముత్తాత తాతను వెతుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆశ్చర్యమేమంటే, ఇంటిపేర్లు ఇంత తక్కువగా ఉన్న ఆ దేశంలోనే ముప్పై తరాల వరకు తడుముకోకుండా చెప్పగల కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల చేతిలో ఉన్నది జొక్‌బొ అనే వంశావళి గ్రంథం. దాన్ని ఒక్కో పొరా విప్పి చూస్తే, ఎంత మంది కలిసి ఎన్ని వందల ఏళ్లు ఆలోచించి దీన్ని కట్టారో అర్థమవుతుంది.

మొదటి పొర ఊరు. ఎవరైనా తాను కిమ్ అని చెబితే కొరియా పెద్దలు అడిగే మాట, “ఎక్కడి కిమ్?” మూలపురుషుడి ఊరును ఇంటిపేరుకు ముందు చేర్చి జవాబు చెప్పాలి. గిమ్హే కిమ్, గ్యోంగ్జు కిమ్, ఆందోంగ్ కిమ్. ఈ మూలస్థానాన్ని బొన్‌గ్వన్ అంటారు. మన కొత్తపల్లివారు, వేములపల్లివారు ఊరినే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. కొరియావాళ్లు ఊరిని ఇంటిపేరుకు ముందు నిలబెట్టారు. 2000 జనగణనలో వాళ్ల ఇంటిపేర్లు 286 మాత్రమే, బొన్‌గ్వన్‌లు 4,179. ఊరు చేరగానే గుట్టగా పడి ఉన్న పేర్లు కట్టలు కట్టలుగా విడిపోతాయి. ఒకే బొన్‌గ్వన్ వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న నియమం మన సగోత్ర నియమం లాంటిదే. అక్కడది 2005 వరకు చట్టంలోనే ఉంది.

అయినా పని ఇంకా మిగిలే ఉంది. గిమ్హే కిమ్‌లే 44 లక్షలకు పైగా ఉన్నారు. తమ మూలపురుషుడు గయ రాజ్యాన్ని స్థాపించిన సురో రాజని చెప్పుకుంటారు. ఆయన రాణి హో హ్వాంగ్-ఓక్ సముద్రం దాటి ‘అయుత’ దేశం నుంచి వచ్చిందని 13వ శతాబ్దపు ‘సంగుక్ యూసా’ గ్రంథంలోని కథ. ఆ అయుత మన అయోధ్యేనని కొరియాలో చాలామంది నమ్ముతారు. ఇద్దరు కొడుకులకు తల్లి ఇంటిపేరు దక్కిందన్న ఐతిహ్యం వల్ల గిమ్హే కిమ్‌లకూ గిమ్హే హోలకూ సంప్రదాయం ప్రకారం వియ్యం కుదరదు. ఇంటిపేర్లు వేరు, వరస మాత్రం అన్నదమ్ముల వరస.

దీనికి తలకిందులుగా ఉండే చిక్కు కూడా ఉంది. ఊరూ పేరూ రెండూ ఒకటే అయినా వంశాలు వేరు కావచ్చు. 1592లో జపాన్ దండెత్తి వచ్చినప్పుడు ఆ సైన్యంలోని సయాక అనే యోధుడు కొరియా పక్షం చేరాడు. రాజు సొన్‌జొ అతనికి కిమ్ చుంగ్-సొన్ అనే పేరిచ్చాడు. అతని సంతతివాళ్లూ గిమ్హే కిమ్‌లే, కానీ వాళ్లకు సురో రాజుతో రక్తసంబంధం లేదు. ఆందోంగ్ కిమ్‌లలోనూ ఇంతే. పాత ఆందోంగ్ కిమ్‌లు, కొత్త ఆందోంగ్ కిమ్‌లు అని రెండు వంశాలున్నాయి, రెండింటికీ మూలపురుషులు వేరు. కాబట్టి ఊరు ఒక్కటీ చాలదు. అక్కడ రెండో పొర మొదలవుతుంది: శాఖ. దాన్ని ‘ఫా’ అంటారు. వంశంలో పేరు తెచ్చుకున్న ఒక పూర్వికుడి దగ్గర కొమ్మ చీలుతుంది. ఆయన చేసిన ఉద్యోగమో, చనిపోయాక రాజు ఇచ్చిన బిరుదో ఆ కొమ్మకు పేరవుతుంది. మూడో పొర తరం సంఖ్య. మూలపురుషుణ్ణి ఒకటిగా పెట్టుకుని కిందికి లెక్కిస్తారు. ఊరు, శాఖ, తరం చెప్పగలిగిన కిమ్‌కు కోటి మందిలోనూ తన చోటు తనకు తెలుస్తుంది.

ఈ తరం సంఖ్యను మనిషి పేరులోనే దాచిపెట్టిన పద్ధతి నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. దాని పేరు దొల్లిమ్‌జా, అంటే వంతు తిరిగే అక్షరం. కొరియా పేరులో ఇంటిపేరు తర్వాత సాధారణంగా రెండు అక్షరాలుంటాయి. వాటిలో ఒకటి మనిషిది, ఇంకోటి తరానిది. ఒక తరంలోని అన్నదమ్ములకూ పెదనాన్న, చిన్నాన్నల కొడుకులకూ ఆ అక్షరం ఉమ్మడి.

మనందరికీ తెలిసిన ఇంటినే తీసుకుందాం. సాంసంగ్ స్థాపకుడు లీ బ్యుంగ్-చుల్ గ్యోంగ్జు లీ వంశస్థుడు. ఆయన కొడుకులు మెంగ్-హీ, చాంగ్-హీ, కున్-హీ. ముగ్గురికీ ‘హీ’ ఉమ్మడి. కున్-హీ కొడుకు జే-యోంగ్, మెంగ్-హీ కొడుకు జే-హ్యున్. ఆ తరానిది ‘జే’. ఇప్పుడు చోటు గమనించండి. తాత పేరులో తరం అక్షరం ‘బ్యుంగ్’ ముందుంది. కొడుకుల్లో ‘హీ’ వెనక్కి వెళ్లింది. మనవల్లో ‘జే’ మళ్లీ ముందుకొచ్చింది. తరం మారినప్పుడల్లా అక్షరం ముందుకూ వెనక్కూ మారుతుంది. మగ్గంలో నాడె అటూ ఇటూ తిరిగినట్టు.

ఇంకా లోపలికి వెళితే ఆ అక్షరాలను ఏరిన తీరు కనిపిస్తుంది. వీటిని చైనా లిపిలో రాస్తారు. చాలా వంశాలు పంచభూతాల వరసను పట్టుకుని అక్షరాలు ఎంచుకున్నాయి. మన పంచభూతాలు వేరు, వాళ్లవి వేరు. వాళ్లవి కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు. కొయ్య నిప్పును పుట్టిస్తుంది, నిప్పు బూడిదై మట్టి అవుతుంది, మట్టిలోంచి లోహం వస్తుంది, లోహం మీద నీరు చెమరుస్తుంది, నీటితో చెట్టు పెరుగుతుంది. ఒకటి ఇంకోదానికి తల్లి. సాంసంగ్ ఇంటి అక్షరాలను రాసి చూడండి. ‘బ్యుంగ్’ అనే అక్షరం కంకి రూపం, దానిలో చెట్టు గుర్తు కనిపిస్తుంది. ‘హీ’ కింద నాలుగు చుక్కలు, అవి నిప్పు గుర్తు. ‘జే’లో మట్టి గుర్తు. చెట్టు, నిప్పు, మట్టి. తాత, కొడుకు, మనవడు. తండ్రి కొడుకును కన్నట్టే తండ్రి అక్షరం కొడుకు అక్షరాన్ని కంటోంది. ఈ పట్టికలను వంశ పెద్దలు ముందే ఎన్నో తరాలకు సరిపడా తయారుచేసి పెడతారు. ఇంకా పుట్టని మునిమనవడికి కూడా అక్షరం ఇప్పటికే సిద్ధంగా ఉంటుంది.

దీనివల్ల వచ్చే సౌకర్యం అంతా ఇంతా కాదు. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఒక శాఖవాళ్లయితే, పేర్లు చెప్పుకోగానే ఎవరు ఎవరికి పెద్ద వరసో తేలిపోతుంది. వయసులో చిన్నవాడు బాబాయి వరస కావడం మనకు తెలిసిందే కదా, అక్కడా అంతే. శాఖను బట్టి అక్షరాలు మారతాయి కాబట్టి ఆ అక్షరం శాఖను కూడా పట్టిస్తుంది. వెతికేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, జొక్‌బొకు ఎక్కిన పేరు ఇంకోటి కావడం మామూలు. తాతను పిలిచిన పేరుతో గ్రంథమంతా గాలించినా దొరక్కపోవచ్చు.

ఇక గ్రంథంలోని ఒక పుట దగ్గరికి వద్దాం. పాత జొక్‌బొలు చాలావాటిలో పుటను అడ్డంగా ఆరు అంతస్తులుగా గీస్తారు. ఒక్కో అంతస్తు ఒక్కో తరం. రాత నిలువు వరసల్లో, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. పై అంతస్తులో తండ్రి, అతని కింద పెద్దకొడుకు, అతని కింద అతని కొడుకు. ఆ గొలుసు పూర్తయ్యాక ఎడమకు జరిగి రెండో కొడుకు. ఆరో అంతస్తు అయిపోతే ఏడో తరం ఇంకో పుట నెత్తిన మొదలవుతుంది. ఆ పుట ఏదో చెప్పే గుర్తును పేరు కిందే వేస్తారు. ఆ గుర్తు చాలాచోట్ల అంకె కాదు. పిల్లలు అక్షరాలు నేర్చుకునే ‘వెయ్యి అక్షరాల’ వాచకం ఒకటుంది. అందులో ఏ అక్షరమూ రెండోసారి రాదు. ఆ అక్షరాలనే వరసగా పుటల గుర్తులుగా వాడారు. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాచకమే పెద్దయ్యాక విషయసూచిక అయింది.

పేరు కింద చిన్న అక్షరాలతో వివరాలుంటాయి. పుట్టిన ఏడు, పోయిన ఏడు, చేసిన కొలువు, సమాధి ఉన్న కొండ, అది ఏ దిక్కును చూస్తోందో కూడా. ఏళ్లను అరవై ఏళ్ల చక్రంలో రాస్తారు, మన ప్రభవ, విభవల్లాగే. మన తాతలు “నేను ఆనందలో పుట్టాను” అంటే 1914 అని మనం పట్టుకునేవాళ్లం, 1974 కాదని మనిషిని చూస్తేనే తెలిసేది. కాగితం మీద మనిషి కనపడడు. అందుకే తండ్రి పుట్టిన ఏడునూ కొడుకు పుట్టిన ఏడునూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. కొడుకు పుట్టేనాటికి తండ్రికి ఐదేళ్లో ఎనభై ఐదేళ్లో తేలితే చక్రం ఒక చుట్టు తప్పిందన్నమాట. దత్తత వెళ్లిన కొడుకు కన్నతండ్రి కింద ‘బయటికి వెళ్లాడు’ అన్న గుర్తుతోనూ, పెంచిన తండ్రి కింద ‘వచ్చి చేరాడు’ అన్న గుర్తుతోనూ రెండుచోట్లా కనిపిస్తాడు. లెక్క ఎక్కడా తెగదు.

భార్య గురించి ఆమె పుట్టింటి బొన్‌గ్వన్, ఇంటిపేరు, తండ్రి పేరు రాస్తారు. ఆమె సొంత పేరు ఉండదు. కూతురి చోట అల్లుడి పేరు ఉంటుంది. ఇంత శ్రద్ధగల పనిలో ఇది పెద్ద లోటు, చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. మొదట్లో కూతుళ్లను ఇంతగా వెనక్కి నెట్టలేదు. నేడు మిగిలిన జొక్‌బొలలో అతి పాతది 1476 నాటి ఆందోంగ్ గ్వన్ వంశావళి, దాన్ని సొంగ్‌హ్వాబొ అంటారు. అందులో కొడుకులనూ కూతుళ్లనూ పుట్టిన వరసలోనే రాశారు. కూతుళ్ల పిల్లలనూ, వాళ్ల పిల్లలనూ దించుకుంటూ పోయారు. తొమ్మిది వేల మందికి పైగా ఉన్న ఆ గ్రంథంలో గ్వన్ ఇంటిపేరువాళ్లు సుమారు పదోవంతే. పీఠిక రాసిన సొ గొ-జోంగ్ కూడా గ్వన్‌ల ఆడపడుచు కొడుకే. కొడుకులను ముందు రాసి కూతుళ్లను తర్వాత ఒక్క మాటతో ముగించే అలవాటు 17వ శతాబ్దం నుంచి బలపడింది.

ఇంత గట్టి కట్టడంలో అబద్ధం దూరదా అంటే, దూరింది. పూర్వపు కొరియా అయిన జోసన్ రాజ్యంలో యాంగ్బన్‌లనే పెద్ద కులీనులకు సైనిక పన్ను ఉండేది కాదు. ఆ బరువు తప్పించుకోవడానికి సామాన్యులు డబ్బిచ్చి పేరున్న వంశాల జొక్‌బొలలో చోటు కొనుక్కున్నారు. ఇంటిపేరే లేని లక్షల మందికి 1909 పౌర నమోదు చట్టంతో పేరు పెట్టుకోక తప్పలేదు. చాలామంది ప్రతిష్ఠ ఉన్న కిమ్, లీ, పార్క్‌లనే ఎంచుకున్నారు. కిమ్‌లు కోటి దాటడానికి ఇదొక ముఖ్య కారణం. కష్టపడి బతికినవాళ్లు గౌరవం కోసం చేసిన పనిని నేను తప్పుపట్టలేను. వెతికేవాడు మాత్రం అతుకు ఎక్కడుందో కనిపెట్టాలి. నిజాయితీ గల సంపాదకులు అందుకూ దారి చూపారు. సంబంధం రుజువు కాని శాఖలను అసలు వంశంలో కలపకుండా విడి భాగంగా అచ్చువేశారు.

సరిచూసుకోవడానికి ఇంకో ఆధారం ప్రభుత్వ లెక్కలు. జోసన్ కాలంలో మూడేళ్లకోసారి ఇల్లిల్లూ తిరిగి హొజొక్ అనే చిట్టా రాసేవారు. అందులో ఇంటి యజమాని తండ్రి, తాత, ముత్తాత, తల్లి తండ్రి, ఈ నలుగురి పేర్లూ ఉండాలి. భార్యకూ అలాగే నలుగురు. మన తద్దినంలో పలికే మూడు తరాల వరసే ఇది, పక్కన మాతామహుడు కూడా ఉన్నాడు. ఈ సంవత్సరపు చిట్టాలో యజమానిగా ఉన్నవాడు ముప్పై ఏళ్ల తర్వాతి చిట్టాలో తండ్రిగా, అరవై ఏళ్ల తర్వాత తాతగా కనిపిస్తాడు. గూనపెంకుల్లా ఒకదాని అంచు ఇంకోదాని మీద పడుతుంది. ఆ అంచులు కలిసినంత మేర వాన కారదు. కలవని చోట ఎవరో చేతితో చొప్పించిన పేరుందని అనుమానించాలి. దన్‌సొంగ్ అనే చోటి చిట్టాలు 1606 నుంచి ఉన్నాయి. ఆ గ్రామాల కుటుంబాలను పరిశోధకులు తరాల వెంబడి ఇలాగే కలిపి చూశారు.

జొక్‌బొ ఒకసారి అచ్చయితే పని ముగిసిపోదు. సుమారు తరానికోసారి, అంటే ముప్పై ఏళ్లకు అటూ ఇటూగా కొత్త కూర్పు వస్తుంది. వంశ సంఘం ఇంటింటికీ ఖాళీ పత్రాలు పంపుతుంది. కొత్తగా పుట్టినవాళ్లను, పోయినవాళ్లను, పెళ్లిళ్లను నింపి పంపాలి. ఈ రోజుల్లో కూతుళ్లను వాళ్ల సొంత పేర్లతో చేర్చే కూర్పులు వస్తున్నాయి. దెజొన్ నగరంలో జొక్‌బొలకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం కూడా ఉంది.

మన దగ్గర ఇంటిపేర్లు వేలల్లో ఉన్నాయి, అందుకేనేమో రాసిపెట్టుకోవాలన్న తొందర మనకు లేకపోయింది. ఈసారి మీ ఇంట్లో పెద్దవాళ్లు తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక కాగితం తీసుకోండి. నాన్న, తాత, ముత్తాత పేర్లు, అమ్మ తరఫున కూడా అంతే, అమ్మమ్మ, నానమ్మల పుట్టింటి పేర్లు, వాళ్లు పుట్టిన ఏడు ప్రభవ, విభవల్లో ఏదో, వాళ్ల పొలం ఏ ఊరి పొలిమేరలో ఉండేదో అడిగి రాసుకోండి. అమ్మమ్మ, నానమ్మల సొంత పేర్లతో సహా.