భాష చెవిని పడితే చాలునా?

పసిబిడ్డకు ఎవరూ వ్యాకరణము బోధింపరు. అయినను నాలుగేండ్లు వచ్చుసరికి ఇంటిభాషలో ధారాళముగా మాట్లాడును. పరాయి భాషను కూడ ఇట్లే వాడుకలో మునిగి నేర్వవచ్చునా? వచ్చునని అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్రాషెన్ 1982లో వెలువరించిన గ్రంథములో వాదించినారు. అర్థమగు మాటలు సమృద్ధిగా వినుట, చదువుట వల్లనే భాష అబ్బుననీ, నేర్చిన సూత్రములు మాటను సరిచూచుకొనుటకు మాత్రమే పనికివచ్చుననీ వారి సిద్ధాంతము.

ఇందు మెచ్చదగినది లేకపోలేదు. అర్థము కాని పాఠమును వల్లెవేయించుట వ్యర్థమే. లోపము వేరొకచోట ఉన్నది. విద్యార్థి స్థాయికి ఒక మెట్టు పైనున్న భాషను వినిపింపవలెనట! ఆ మెట్టును కొలుచుట ఎట్లు? కొలతకు లొంగని రాశిపై నిలిచిన సూత్రమును పరీక్షకు పెట్టలేము.

ఇక అనుభవమేమి చెప్పుచున్నది? కెనడాలో మాంట్రియల్ సమీపమునగల సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు పిల్లలకు ఫ్రెంచిలోనే చదువు ప్రారంభించినారు. ఇట్టి బడులలోని పిల్లలు విని గ్రహించుటలో ఫ్రెంచి పిల్లలకు దగ్గరగా వచ్చినారు. కాని ఏండ్లు గడచినను మాటలో లింగముల తప్పులు, క్రియారూపముల తప్పులు నిలిచిపోయినవి. కారణము ఊహింపవచ్చును. తెలుగు కొత్తగా నేర్చినవాడు ‘ఆవిడ వచ్చాడు’ అన్నను మనకు అర్థమగును. అర్థమైనందున ఎవరూ దిద్దరు. అందుచేతనే మెరిల్ స్వేన్ 1985లో, వినుటతోపాటు కచ్చితముగా పలుకవలసిన అవసరమును కూడ కల్పింపవలెనన్నారు.

అట్లని సూత్రబోధనయే గెలిచినదనరాదు. 2000లో నోరిస్, ఒర్టేగా అనువారు అనేక పరిశోధనలను కలిపి చూడగా, నియమములను స్పష్టముగా బోధించుటయే మేలుగా కనిపించినది. అయితే ఆ పరీక్షలలో చాలభాగము సూత్రజ్ఞానమునకు అనుకూలమైనవి. తడబడక మాట్లాడు శక్తిని కొలిచినవి తక్కువ.

మన ఆంగ్ల మాధ్యమమునకు సెయింట్ లాంబర్ట్‌ను సాక్ష్యముగా చూపువారు ఒకటి గమనింపవలెను. అక్కడి పిల్లల ఇంటిభాషకు సంఘములో బలమున్నది. బడిలోను తరువాత దానికి పాఠములు చేర్చినారు. బొత్తిగా అర్థముకాని భాషలో పిల్లవానిని కూర్చుండబెట్టుట మునక కాదు, ముంపు.

కనుక ఉపాధ్యాయులు మొదట అర్థమగు కథ చెప్పవలెను. పిల్లలచేత తిరిగి చెప్పించవలెను. వారి మాటలో దొర్లిన ఒకటి రెండు తప్పులను తీసికొని అప్పుడు నల్లబల్లపై నియమము వ్రాయవలెను. తన తప్పు తాను చూచిన పిల్లవానికి ఆ నియమము భారము కాదు.