శ్రోత ఆకాంక్ష – సినిమా పాట: 'దొరకునా ఇటువంటి సేవ'

సినిమా పాటను సంప్రదాయ సంగీతంతో పోల్చి విలువకట్టే విమర్శలో, శ్రోత దాన్ని ఏ ఎదురుచూపుతో వింటున్నాడన్న అంశం తరచుగా మరుగున పడుతుంది. వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని శాస్త్రకారులు చెప్పారు. అన్వయం కోసం ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. పాట వినడంలోనూ ఇటువంటి ఆకాంక్ష పనిచేస్తుందని, దాన్ని విస్మరించిన తులనాత్మక నిర్ణయం అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

'శంకరాభరణం' (1980) చిత్రంలోని చివరి పాటను పరిశీలిద్దాం. 'దొరకునా ఇటువంటి సేవ' అన్న ఎత్తుగడ త్యాగరాజ కృతిది. రాగమూ ఆ కృతిదే, బిలహరి. కృతి ఎరిగిన శ్రోత ఎత్తుగడ వినగానే త్యాగరాజ సాహిత్యాన్ని ఆశిస్తాడు. వేటూరి సుందరరామమూర్తి ఆ ఆశను రేపి, దారి మళ్లించారు. కృతిలో సేవకు కేంద్రం శ్రీరాముడు. వేటూరి రచనలో దైవాన్ని చేర్చే మార్గం నాదమే. ఈ మళ్లింపులోని సొగసు కృతి ఎరిగినవారికే అందుతుంది.

కృతి ఎరుగని శ్రోత స్థితి దీనికి విపర్యయం. అతనికి సినిమా పాటే మొదటిది. తరువాత ఏ కచేరీలోనో కృతి విన్నప్పుడు, అతని చెవి వేటూరి మాటల కోసం వెతుకుతుంది. చరిత్రలో ఏది ముందన్నది ఒక ప్రశ్న, అనుభవంలో ఏది ముందన్నది మరొకటి. ఈ రెండింటినీ ఒకటిగా భావించినప్పుడే సినిమా పాట 'అనుకరణ'గా మాత్రమే కనిపిస్తుంది.

సన్నివేశజ్ఞానం కూడా ఆకాంక్షను మారుస్తుంది. కచేరీ మధ్యలో శంకరశాస్త్రి కుప్పకూలగా, తులసి కుమారుడు పాటను అందుకుంటాడు. చిత్రం చూడనివారికి బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాంల గళాలు రెండు గళాలే. చూసినవారికి ఆ గళం మారడమే విద్యాసంక్రమణం.

అలాగైతే విలువ నిర్ణయం శ్రోతకొక తీరుగా మారదా అన్న ఆక్షేపణ సహజం. దీనికి సమాధానం యోగ్యత అన్న భావనలోనే ఉంది. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్న వాక్యంలో ఆకాంక్ష తీరినా యోగ్యత లేదు. అలాగే, శ్రోత ఏది ఆశించినా పాటలోని రాగ, సాహిత్య, సన్నివేశాల పొందిక దానికి హద్దు గీస్తుంది. ఈ పాట కృతి ఎరిగినవారికి సంభాషణగా, ఎరుగనివారికి స్వతంత్ర రచనగా నిలవడం ఆ పొందిక ఫలితమే. కనుక సినిమా పాట శాస్త్రీయమా కాదా అన్న ప్రశ్నకు ముందు, అది ఏ ఆకాంక్షను రేపి ఎలా తీర్చిందన్న ప్రశ్నను విమర్శ వేసుకోవాలి.