మాయమైన యంత్రము, మిగిలిన లెక్క

1991 సెప్టెంబరులో “సైంటిఫిక్ అమెరికన్” పత్రికలో మార్క్ వైజర్ అనే శాస్త్రజ్ఞుడు 21వ శతాబ్దపు కంప్యూటరును గూర్చి ఒక వ్యాసము వ్రాసినాడు. ఆయన ఆ రోజులలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీవారి పరిశోధన కేంద్రములో కంప్యూటర్ విజ్ఞాన శాఖకు అధిపతి. 1999 లో, 50 ఏండ్లయినా నిండకముందే కన్నుమూసినాడు. మనుష్యుల జేబులలో, చేతి గడియారాలలో, ఇంటి గోడలలో చేరిన కంప్యూటర్లను గూర్చి ఈ 30 ఏండ్లకు పైబడి ఎవరు ఏమి వ్రాసినా ఆ వ్యాసమును తలచుకొనక తప్పలేదు. అందుచేతనే దానిని మరల ఒకసారి నిదానముగా చదివి, ఎంతవరకు నిలిచినదో, ఎక్కడ మనలను దారి తప్పించినదో పరిశీలించడము అవసరమని నా అభిప్రాయము.

వైజర్ చెప్పిన ముఖ్య విషయము చాలా సులభమైనది. ఒక సాధనము పూర్తిగా జీవితములో కలిసిపోయినప్పుడు దాని ఉనికే మనకు తోచదు. వ్రాత అటువంటిది. వీధిలో నడుస్తూ అంగళ్ళమీది పేర్లు చదువుతాము. చదువుతున్నామన్న స్పృహ కూడ ఉండదు. కంప్యూటరు కూడ అట్లే మన కంటినుండి తప్పుకొనవలెనని ఆయన కోరిక. బల్లమీద కూర్చుండి మనలను తనవైపు లాగుకొనే పెద్ద పెట్టెకు బదులు, గదికి వందలకొలది చిన్న కంప్యూటర్లు ఉండవలెనన్నాడు. అంగుళమంతవి కొన్ని, అడుగంతవి కొన్ని, గోడమీది నల్లబల్ల అంతవి కొన్ని. ఇవన్నీ తీగలేకుండ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలెను. ఈ జోస్యము పెద్ద భాగము ఫలించినది. జేబులోని ఫోను, చేతిలోని పలక, తరగతి గోడమీది తెర మనకు క్రొత్త కావు. దీనిని గూర్చి ఇంతకంటే చెప్పనక్కర లేదు.

నాకు అభ్యంతరము ఆయన ఎంచుకొన్న ఉపమానములో ఉన్నది. విద్యుత్ మోటారును చూడండి, అంటాడు వైజర్. పూర్వము ఒక కర్మాగారానికి ఒక పెద్ద ఇంజను. అది పట్టీలమీదుగా యంత్రములన్నిటిని త్రిప్పేది. తరువాత మోటార్లు చిన్నవై ప్రతి పనిముట్టులోను దూరినవి. ఒక మామూలు కారులో 22 మోటార్లు, మరి 25 సోలినాయిడ్లు ఉన్నాయని ఆయన లెక్క. అద్దము తుడిచేది ఒకటి, తలుపు తాళము వేసేది ఒకటి. నడిపేవానికి వాటి ధ్యాస అక్కరలేదు.

మోటారు విషయములో ఇది నిజమే. మోటారు పని చేసి ఊరుకొంటుంది; చేసిన పనిని ఎక్కడా వ్రాసిపెట్టదు. కాని వైజర్ ఊహించిన యంత్రములలో సగము పనిచేసేవి కావు, కొలిచేవి. ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఎప్పుడు లేచినారు, ఎటు నడిచినారు అని గ్రహించే సంవేదకములు, అనగా సెన్సర్లు. వీటిని పోల్చవలసినది మోటారుతో కాదు, కరెంటు మీటరుతో. మన ఇండ్లలో తీగలన్నీ గోడలోపలికి పోయినవి, మోటార్లన్నీ డబ్బాలలోపలికి పోయినవి. మీటరు మాత్రము కంటికి కనిపించేచోటనే ఉన్నది. అంగట్లో త్రాసు కూడ కొనేవానికి కనిపించేటట్లే పెట్టవలెను. బల్లక్రింద దాచిన త్రాసుతో తూచి ఇస్తామంటే ఎవరైనా ఒప్పుకొంటారా? పనిచేసే యంత్రము మాయమైతే సుఖము. కొలిచే యంత్రము మాయమైతే అనుమానము. ఈ రెంటికి గల భేదమును వైజర్ వ్యాసము గుర్తించలేదు.

ఇక దత్తాంశముల విషయము. వ్యాసములో తెరలను గూర్చి, తీగలేని ప్రసారమును గూర్చి ఎంతో ఉన్నది. వచ్చిపడే అంకెలను ఏమి చేయవలెను, ఏది ఉంచవలెను, ఏది పారవేయవలెను అనే ప్రశ్న అందులో దాదాపుగా లేదనే చెప్పవలెను. ఈ ప్రశ్న ఎంత పెద్దదో విద్యార్థులు తామే లెక్క వేసి చూడవచ్చును.

ప్రతి స్మార్టుఫోనులోను త్వరణమాపకము ఉంటుంది. ఒక చిన్న సిలికాన్ పలుకుపై, వెంట్రుకవంటి సన్నని ఆధారాలతో వ్రేలాడే సూక్ష్మమైన ద్రవ్యరాశి అది. ఫోను కదిలినప్పుడు ఆ ద్రవ్యరాశి జడత్వముచేత వెనుకబడుతుంది; దాని ప్రక్కనున్న పలకలతో దానికి గల దూరము మారి, విద్యుత్ ధారణశక్తి మారుతుంది. ఆ మార్పే కొలత. మూడు అక్షములలోను సెకనుకు 50 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 2 బైట్లలో వ్రాస్తే సెకనుకు 300 బైట్లు. దినానికి 86,400 సెకనులు. అంటే ఒక్క విద్యార్థి ఒక్క దినపు కదలిక 2 కోట్ల 59 లక్షల 20 వేల బైట్లు అయినది. ఏడాదికి 946 కోట్లు. ఇది ఒక్క సెన్సరు మాత్రమే. దిక్సూచి, భ్రమణమాపకము, ఉపగ్రహ సంకేతములనుండి స్థానము తెలుసుకొనే భాగము వేరే ఉన్నవి.

అదే విద్యార్థి గంటకు ఎన్ని అడుగులు వేసినాడో మాత్రము ఉంచుకొన్నామనుకొందాము. 24 అంకెలు, ఒక్కొక్కటి 2 బైట్లు, మొత్తము 48. ముడి లెక్కకు ఈ సారానికి నిష్పత్తి 5 లక్షల 40 వేలు! 2013 నుండి ఫోను తయారుచేసేవారు అడుగులను ఫోనులోపలనే, కొద్దిపాటి విద్యుత్తుతో లెక్కించే ఏర్పాటు చేయసాగినారు. ముడి అంకెలు అక్కడికక్కడే పోతాయి. సారము మాత్రము మిగులుతుంది.

అయితే సారము మిగుల్చుకొని ముడి అంకెలు పారవేయడము అన్నివేళలా మంచిదేనా? గతుకుల బాటలో బస్సు కుదుపును ఆ యంత్రము అడుగుగా లెక్క కట్టవచ్చును. చేతికి గడియారము కట్టుకొని కవ్వముతో మజ్జిగ చిలికితే నడిచినట్లే వ్రాయవచ్చును. ముడి అంకెలు ఉంటే తరువాత తప్పు దిద్దవచ్చును. పారవేస్తే ఆ తప్పు శాశ్వతము. మరొకవైపు, ముడి అంకెలలో మనిషి నడకతీరు మొత్తము ఉంటుంది. ఎవరు కుంటుతున్నారో, ఎవరి చేయి వణుకుతున్నదో అందులో చదువుకోవచ్చును. కనుక ఏది ఉంచవలెననేది యంత్రము నిర్ణయించే విషయము కాదు; మనము అడుగుతున్న ప్రశ్ననుబట్టి ఉంటుంది. ప్రయోగశాలలో ముడి అంకెలు కావలెను, ఎందుకంటే అక్కడ ప్రశ్న ఇంకా తేలలేదు. రోజువారీ నడకకు సారము చాలును.

ఎంత తరచుగా కొలవవలెననేది కూడ ప్రశ్ననుబట్టియే. 1 మీటరు పొడవుగల లోలకము ఒక డోలనానికి సుమారు 2 సెకనులు తీసుకొంటుంది. సరిగా 2 సెకనులకొకసారి చూచేవానికి అది కదలక నిలబడినట్లే ఉంటుంది. కదలిక తెలియవలెనంటే డోలనానికి రెండుసార్లకంటే ఎక్కువ కొలవవలెను. నడిచే మనిషి సెకనుకు సుమారు 2 అడుగులు వేస్తాడు కాబట్టి సెకనుకు 4 కొలతలకు పైన ఉండవలెను. 50 ఉంటే ధారాళము. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2016 లో విడుదల చేసిన “ఫైఫాక్స్” అనే ఉచిత సాధనముతో, ఫోనునే లోలకముగా వ్రేలాడదీసి ఈ సంగతులను తరగతిలో చూపవచ్చును. నేను మా విద్యార్థులచేత చేయిస్తూంటాను. వాచీ చూచి వ్రాసుకొన్న కాలమును, ఫోను వ్రాసిన కాలమును పక్కపక్కన పెట్టినప్పుడు వారి ముఖాలలో వచ్చే మార్పు ఏ ఉపన్యాసముతోను రాదు.

విద్యార్థులు మరొకటి కూడ గమనించవలెను. సున్న వేరు, ఖాళీ వేరు. ఫోను ఇంట్లో వదలి రెండు గంటలు కబడ్డీ ఆడిన పిల్లవాని ఖాతాలో ఆ రెండు గంటలకు అడుగులు సున్న. అది విశ్రాంతి కాదు. కొలత లేదు, అంతే. వర్షమాపకము పగిలిన దినమున వర్షము సున్న అని వ్రాసే ఉద్యోగిని మనము క్షమించము. వైజర్ తన వ్యాసములో ఇంగ్లండులో ఆలివెట్టి కంపెనీ పరిశోధకులు చేసిన బిళ్ళలను ఎంతో మెచ్చుకొన్నాడు. చొక్కాకు తగిలించుకొన్న బిళ్ళ అదృశ్య కిరణాలతో తన గుర్తును పంపుతూ ఉంటుంది. దానినిబట్టి మనిషి ఏ గదిలో ఉంటే ఆ గదికే టెలిఫోను పిలుపు పోతుంది. కాని ఆ బిళ్ళ తెలిపేది బిళ్ళ ఉన్నచోటు. చొక్కా కొయ్యకు తగిలించి మనిషి భోజనానికి పోతే, లెక్కలో మనిషి గదిలోనే ఉంటాడు.

వ్యక్తిగత గోప్యతను గూర్చి వైజర్ ఆలోచించలేదని అనడము అన్యాయము. గదినిండా మనుష్యులను పసిగట్టే యంత్రములుంటే, గతములోని నిరంకుశ ప్రభుత్వములన్నీ వాటి ముందు అరాచకములనిపిస్తాయన్న అర్థము వచ్చే హెచ్చరిక ఆయనే చేసినాడు. విరుగుడుగా ఆయన సూచించినది గుప్తలిపి. మొదటినుండే దానిని అమర్చుకొంటే సొంత విషయములు బయటికి పొక్కవన్నాడు. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. గుప్తలిపి దారిలో దొంగనుండి కాపాడుతుంది. తాళముచెవి ఉన్న గుమాస్తానుండి కాపాడదు.

2018 జనవరిలో జరిగినది దీనికి నిదర్శనము. పరుగెత్తేవారి దారులను నమోదుచేసే స్ట్రావా అనే కంపెనీ, తన సభ్యులందరి దారులను కలిపి, పేర్లు తీసివేసి, ఒక ప్రపంచపటముగా ప్రకటించియున్నది. సిరియా, ఆఫ్గనిస్తాను ఎడారులలో వెలుగుతున్న గీతలనుబట్టి సైనిక స్థావరాల ఆకారములు బయటపడినట్లు అప్పుడు లోకానికి తెలిసినది. ఎవరూ తాళము పగులగొట్టలేదు. పేర్లు తీసివేస్తే చాలునన్న నమ్మకము అంతకు ముందే, 2013 లో, సడలియున్నది. ఒక ఐరోపా దేశములో 15 లక్షలమంది 15 నెలల ఫోను జాడలను పరిశీలించిన పరిశోధకులు, ఏ మనిషి జాడలోనైనా స్థలము, కాలము తెలిసిన 4 బిందువులు చాలు, నూటికి 95 మందిని మిగిలినవారినుండి వేరుచేయవచ్చునని చూపినారు. బడి, ఇల్లు, ఆటస్థలము, అమ్మమ్మగారి ఇల్లు: నాలుగైనవి గదా!

గుప్తలిపికంటే మేలైన మార్గము, దత్తాంశమును పుట్టినచోటు కదలనీయకపోవడము. 2020 లో కోవిడు సమయమున ఆపిల్, గూగుల్ కంపెనీలు కలిసి చేసిన ఏర్పాటు ఇందుకు మంచి ఉదాహరణ. ఫోను అర్థములేని ఒక అంకెను చుట్టూ ఉన్న ఫోనులకు వినిపించేది. కొన్ని నిమిషములకొకసారి ఆ అంకెను మార్చుకొనేది. విన్న అంకెలు ఫోనులోనే ఉండేవి. జబ్బుపడినవారు ఒప్పుకొంటేనే వారి అంకెల జాబితా వచ్చేది, దానిని పోల్చి చూచే పని కూడ మన ఫోనులోనే జరిగేది. సుమారు 14 దినములు దాటినవి తుడిచివేయబడేవి. ఎవరు ఎక్కడ కలిసికొన్నారో తెలిసిన కేంద్రము ఎక్కడా ఉండేది కాదు.

వైజర్ పక్షాన ఒకటి చెప్పవలెను. తరువాత ఆయన జాన్ సీలీ బ్రౌన్‌తో కలిసి వ్రాసిన మరొక వ్యాసములో ఒక వింత వస్తువును వర్ణించినాడు. నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి, అదే పరిశోధన కేంద్రములో, 8 అడుగుల ప్లాస్టిక్ త్రాటిని పైకప్పునుండి ఒక చిన్న మోటారుకు వ్రేలాడదీసినది. మోటారును కార్యాలయపు కంప్యూటర్ తీగకు కలిపినది. తీగలో సమాచారము పోయినకొద్దీ త్రాడు అదురుతుంది. రద్దీ ఎక్కువైతే గిరగిర తిరిగి చప్పుడు చేస్తుంది. చూడదలచినవాడు చూస్తాడు, లేనివాడు తన పని చేసుకొంటాడు. మాయము కాకుండానే పక్కకు తప్పుకొన్న కొలత అది. ఈ త్రాడు 1991 నాటి వ్యాసములో ఉండియుంటే నా విమర్శలో సగము అనవసరమయ్యేది.

ఆ వ్యాసములో నన్ను ఎక్కువ కలవరపరచినది శాస్త్రభాగము కాదు, కథాభాగము. శాల్ అనే కల్పిత స్త్రీ ప్రొద్దున లేచి కిటికీలవైపు చూస్తుంది. ఒక కిటికీలో ఎండ, కంచె. మిగిలినవాటిలో ఇరుగుపొరుగువారు తెల్లవారుజామున వచ్చిపోయిన జాడలు, ఆమెకోసము భద్రపరచినవి. పిల్లల గదుల కిటికీలవైపు చూచి, వారు 15, 20 నిమిషముల క్రితమే లేచి వంటింట్లో ఉన్నారని తెలుసుకొంటుంది. వైజర్ దీనిని ఆత్మీయతగా చిత్రించినాడు. పొరుగువారిని అడిగినారా, పిల్లలను అడిగినారా, ఆ జాడలు సాయంత్రానికి ఉంటాయా, పదేండ్లకు ఉంటాయా అన్నది కథలో లేదు. మన పార్లమెంటు 2023 లో చేసిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టములో 18 ఏండ్లు నిండనివారిని పిల్లలుగానే ఎంచి, వారి దత్తాంశము వాడుటకు తల్లిదండ్రుల అంగీకారము కావలెనని, వారి జాడ వెంబడించరాదని, కొన్ని మినహాయింపులతో, వ్రాసినారు. పిల్లల మాట చట్టములోనైనా కథలోనైనా ఇంకా వినబడవలసియే ఉన్నది.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు శాల్ ప్రొద్దుటి కథను తెలుగులో చెప్పి, ప్రతి వస్తువువద్దను ఆగి, ఇది ఏ అంకె వ్రాస్తున్నది, ఎక్కడ వ్రాస్తున్నది, ఎన్నాళ్ళు ఉంచుతుంది అని పిల్లలనే అడగవచ్చును. మంచము ప్రక్కనున్న గడియారముతో మొదలుపెట్టడము సులభము. కాఫీ కావలెనా అని అడిగే ఆ గడియారానికి అవును, కాదు అనే రెండు మాటలే తెలుసునట. ఆ రెండు మాటలు గుర్తించడానికి అది గదిలోని చప్పుళ్ళన్నీ వినవలెను. మిగిలిన చప్పుళ్ళు ఏమయినవో వైజర్ చెప్పలేదు.