కూలుతుందని కాచుకున్న కెమెరా

‘ఛేజింగ్ ఐస్’ డాక్యుమెంటరీలో అందరూ చెప్పుకునే సీన్ ఒకటుంది. 2008 మే 28. గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో, ఇలులిస్సాట్ హిమానీనదం ఎదురుగా ఒక గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు టెంట్ వేసుకుని రోజుల తరబడి కూచునున్నారు. ఒకతను ఆడమ్ లెవింటర్. రెండో అతను ఈ సినిమా దర్శకుడు జెఫ్ ఒర్లౌస్కీ. కెమెరాలన్నీ సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూడటమే వాళ్ళ పని. చివరికి మొదలైంది. దాదాపు అయిదు కిలోమీటర్ల వెడల్పున్న మంచుగోడ విరగడం మొదలుపెట్టి, సుమారు గంటంబావులో ఒక మైలు వెనక్కి జరిగిపోయింది. అంతవరకూ నీటి కింద ఉన్న మంచు తిమింగలంలా పైకి లేచి, పక్కకి ఒరిగి, బోర్లా పడి, మళ్ళీ లేచింది. కెమెరాకి చిక్కినవాటిలో ఇంతకంటే పెద్దది లేదని అప్పట్లో చెప్పారు. ఆ క్లిప్ యూట్యూబ్‌లో కోట్లమంది చూశారు. మీలోనూ చాలామంది చూసే ఉంటారు.

నేను ఈ సినిమా మూడుసార్లు చూశాను. మొదటిసారి అందరిలాగే నోరు తెరుచుకుని చూశాను. రెండోసారి ఆ సీన్ వచ్చినప్పుడు ఎందుకో కళ్ళు మూసుకుని విన్నాను. మంచు చప్పుడు మధ్యలో ఆ ఇద్దరి గొంతులు వినిపిస్తాయి. భయం ఉంది, అబ్బురం ఉంది. వాటి అడుగున ఇంకొకటి కూడా ఉంది. కావలసింది దొరికినవాడి గొంతు అది.

మంచు ఇలా విరిగి పడటాన్ని ఇంగ్లీషులో కావింగ్ అంటారు. ఆవు దూడని ఈనడానికి వాడే మాటే. మన మాటల్లో అయితే హిమానీనదం ఈనింది అనాలి. పాకలో లాంతరు పెట్టుకుని, ఈనబోయే ఆవు దగ్గర రాత్రంతా కూచునేవాళ్ళకి కూడా అలాంటి ఆత్రమే ఉంటుంది. తేడా అల్లా, పొద్దున్నే అక్కడ ఒక దూడ ఉంటుంది.

ఈ సీన్ గురించి ఇంత చెప్పాను గానీ, నా లెక్కలో సినిమాకి ప్రాణం ఇది కాదు. అసలు సినిమా అంతకుముందే ఉంది, ఎవరూ పెద్దగా మాట్లాడుకోని చోట. జేమ్స్ బేలాగ్ అమెరికన్ ఫోటోగ్రాఫర్. ఒకప్పుడు భూమి వేడెక్కడం గురించి చెప్పేవన్నీ నమ్మని మనిషి. 2007లో ఆయన ‘ఎక్స్‌ట్రీమ్ ఐస్ సర్వే’ మొదలుపెట్టాడు. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, అలాస్కా, మోంటానాల్లో హిమానీనదాల ఎదురుగా పాతిక కెమెరాలు బిగించి, ఏడాది పొడుగునా పగటి వెలుతురున్నంతసేపూ వాటంతటవే ఫోటోలు తీసేలా చెయ్యాలని ఆలోచన. కెమెరా మామూలు నికాన్ డి200. ఇక్కడ పెళ్ళిళ్ళకి కూడా వాడినదే. కష్టమంతా దాని చుట్టూ ఉన్న సామానుది. నీళ్ళు చొరబడని గట్టి పెట్టె, సోలార్ పలక, బ్యాటరీ, బండకి రంధ్రాలు వేసి బిగించిన స్టాండ్, గాలికి ఊగకుండా నాలుగు వైపులా లాగి కట్టిన ఇనప తీగలు. వీటన్నిటికంటే ముఖ్యమైంది, ఎప్పుడు నిద్రలేచి ఫోటో తియ్యాలో కెమెరాకి చెప్పే చిన్న సర్క్యూట్. అది బజార్లో దొరకదు, తయారు చేయించుకోవాలి. మైనస్ 40 డిగ్రీల చలిలో, మనిషన్నవాడు నెలల తరబడి తిరిగి చూడని చోట అది పనిచెయ్యాలి.

పనిచెయ్యలేదు. నెలల తర్వాత పడవల్లో, హెలికాప్టర్లలో, కుక్కలు లాగే బళ్ళల్లో వెళ్ళి పెట్టెలు తెరిస్తే కొన్నిట్లో ఏమీ లేదు. వోల్టేజిని అదుపులో ఉంచే ఒక చిన్న భాగం దగ్గర తేడా వచ్చింది. అంత డబ్బూ, అంత ప్రయాణమూ, చివరికి ఖాళీ మెమరీ కార్డ్. అప్పుడు బేలాగ్ ముఖం చూడాలి. వాతావరణ మార్పు మీద వచ్చిన సినిమాల్లో నన్ను నిజంగా కదిలించిన ముఖం అది. ఒక పనివాడికి పనిముట్టు ద్రోహం చేసినప్పటి ముఖం. ఆ తర్వాత సినిమా ఆయన మోకాలి ఆపరేషన్ల మీదా, డాక్టర్లు వద్దన్నా వెళ్ళే ఆయన పట్టుదల మీదా చాలాసేపు ఉండిపోతుంది. ఒర్లౌస్కీకి హీరో కావాల్సొచ్చాడు. చివర్లో పాట కూడా పెట్టాడు, దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. నాకైతే పాట మొదలవగానే ఆపెయ్యాలనిపిస్తుంది.

సర్క్యూట్ బాగయ్యాక వచ్చిన ఫోటోలు మాత్రం వేరే సంగతి. ఒక్కో కెమెరా ఏడాదికి దాదాపు ఎనిమిది వేలు తీస్తుంది. వాటిని వరసపెట్టి తిప్పితే ఏళ్ళు సెకన్లయిపోతాయి. అలాస్కాలో కొలంబియా హిమానీనదం నదిలా కదులుతూనే కుంగిపోతుంది, వెనక్కి జరిగిపోతుంది. చివరికి ఫ్రేమ్‌లోంచే వెళ్ళిపోతే, అది కనబడటానికి కెమెరాని అటువైపు తిప్పాల్సొచ్చింది. ఆ చిన్న సంగతి దగ్గర నా ఒళ్ళు జలదరించినంతగా ఇలులిస్సాట్ దగ్గర జలదరించలేదు. ఆ ఫోటోలు తీసినప్పుడు కెమెరా వెనక ఎవరూ లేరు. మంచు పెరిగినా అది ఫోటో తీసేది, తరిగినా తీసేది. దానికి ఏమీ అక్కర్లేదు.

ఇంకోటి కూడా ఉంది. సముద్రాన్ని చేరే ఏ హిమానీనదమైనా మంచు ముక్కల్ని వదులుతుంది, చల్లటి కాలంలోనూ వదులుతుంది. గోడ కూలిందని చెప్పి అదొక్కటే ఏదీ రుజువు చెయ్యదు. ఇదే ఇలులిస్సాట్ హిమానీనదం, చుట్టూ నీళ్ళు కాస్త చల్లబడటంతో, 2016 తర్వాత కొన్నేళ్ళు మందమెక్కి ముందుకి కూడా వచ్చింది. ఆ క్లిప్ ఒక్కటే చూసి అంతా తెలిసిందనుకున్నవాడికి ఈ వార్త చూపించి ఎవరైనా బుట్టలో వేసెయ్యొచ్చు. వేల ఫోటోల వరస చూసినవాణ్ణి అంత తేలిగ్గా వెయ్యలేరు. సాక్ష్యమేమో విసుగు పుట్టించే ఫోటోల్లో ఉంది, కోట్ల వ్యూలేమో కూలిన గోడకి వచ్చాయి. ఒర్లౌస్కీకి ఇది తెలీదని నేననుకోను. అయినా సినిమా బరువంతా తీసుకెళ్ళి ఆ గంటంబావు మీదే పెట్టాడు.

అక్కడ ఆయనకో చిక్కొచ్చింది. ఎంత పెద్దది కూలిందో చూసేవాడికి తెలీదు. అంతా తెలుపూ నీలమూ, పక్కన ఇల్లు లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. ఫ్రిజ్‌లో ఐసు ముక్క విరిగినా దాదాపు అలాగే ఉంటుంది. అందుకని మన్‌హటన్ దక్షిణ భాగాన్ని, బిల్డింగులతో సహా, ఆ మంచు మీద పెట్టి చూపించాడు. న్యూయార్క్ కూలినట్టు ఊహించుకుంటే తప్ప గ్రీన్‌లాండ్ కూలడం అర్థం కాదన్నమాట. నిజానికి అక్కడికి దగ్గర్లోనే ఇలులిస్సాట్ అనే ఊరుంది, నాలుగున్నర వేలమందికి పైగా ఉంటారు. వాళ్ళ భాషలో ఆ పేరుకి మంచుకొండలనే అర్థం. మూడుసార్లు చూశాక కూడా నాకు ఆ ఊరి మనిషి ముఖం ఒక్కటీ గుర్తులేదు.

ఇదంతా ఇంత కచ్చితంగా పట్టుకోగలిగానంటే నా తెలివేం కాదు. ఆ గొంతు నాకు ముందే తెలుసు. నేను ఈ సినిమా మొదటిసారి చూసింది 2015లో, విశాఖలో, హుద్‌హుద్ వెళ్ళిన కొన్ని నెలలకి. 2014 అక్టోబర్ 12 ఆదివారం. తుఫాను వస్తోందని ముందే తెలుసు కాబట్టి, ముందురోజే పాటలన్నీ డిలీట్ చేసి ఫోన్‌లో జాగా చేసుకున్నాను, నిండా ఛార్జింగ్ పెట్టుకున్నాను. ఆ సాయంత్రం పాలప్యాకెట్లు, కొవ్వొత్తులు తెచ్చింది మా అమ్మ. నేను తెచ్చుకున్నది మెమరీ కార్డ్. పొద్దున్నుంచీ గాలి. మద్దిలపాలెంలో మా ఇంటి కిటికీకి ఎదురుగా టీ కొట్టు ఉండేది, దాని మీద రేకు అప్పటికే ఒక మూల లేచి కొట్టుకుంటోంది. నేను దానిమీద జూమ్ చేసి నిలబడ్డాను. చెయ్యి నొప్పెడుతోంది, అది ఎగరట్లేదు. ఎగిరితే బావుణ్ణనుకున్నాను. ఇది తర్వాత కల్పించుకున్న పశ్చాత్తాపం కాదు, అప్పుడు అచ్చంగా అనుకున్న మాటే. ఎగిరింది. నాలుగు నిమిషాల వీడియోలో మూడో నిమిషం దగ్గర నా గొంతు వినిపిస్తుంది: “అదీ! ఎగిరింది రా!”

కాబట్టి లెవింటర్‌నీ ఒర్లౌస్కీనీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. నాకు కావాల్సింది వేరే. ఆ కోరికతో తీసిన వీడియో తర్వాత ఎవరి చేతికి వెళ్తుంది, దానితో వాళ్ళేం చేస్తారు?

ఇక్కడ కాట్యా, మోరిస్ క్రాఫ్ట్‌లు గుర్తొస్తారు. ఈ ఫ్రెంచి దంపతులు ఎక్కడ అగ్నిపర్వతం పేలుతోందంటే అక్కడికి కెమెరాలు తీసుకుని పరిగెత్తేవాళ్ళు. 2022లో సారా డోసా తీసిన ‘ఫైర్ ఆఫ్ లవ్’ చాలావరకు వాళ్ళు తీసిన ఫిల్మే. 16 ఎంఎం, శబ్దం లేనిది. లావా గర్జన అనుకుని మనం వినేదంతా తర్వాత కలిపింది. సినిమా అందంగా ఉంటుంది, మరీ అందంగా ఉంటుంది, ప్రేమకథలా నడుస్తుంది. కోరిక విషయంలో వీళ్ళు అందరికంటే ముందున్నారు, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి. 1991 జూన్ 3న జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం కింద, ఇంకో 41 మందితో పాటు చనిపోయారు.

అయితే 1985లో కొలంబియా దేశంలో నెవాదో దెల్ రూయీస్ పేలి, బురద ప్రవాహం ఆర్మేరో పట్నాన్ని ముంచేసి ఇరవై వేలమందికి పైగా పోయారు. హెచ్చరికలున్నాయి, ఊరు కదల్లేదు. దాని తర్వాత క్రాఫ్ట్‌లు తమ ఫుటేజీతో జనానికి ప్రమాదాలు వివరించే వీడియో తయారుచేశారు. బురద ఎలా వస్తుంది, వేడి మేఘం ఎంత వేగంతో దిగుతుంది, అది వెళ్ళాక ఊళ్ళో ఏం మిగులుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పొగలు కక్కుతున్నప్పుడు అక్కడి అధికారులకీ జనానికీ దాన్ని చూపించారు. పర్వతం జూన్ 15న పెద్దగా పేలేలోపు వేలమందిని ఖాళీ చేయించారు, అందులో ఆ వీడియో వాటా కూడా ఉంది. ఆ ఫుటేజీ సాహసికులదే, మోజుతో తీసిందే. కానీ ఆ రోజున దాన్ని చూస్తున్నది ఆ కొండ కింద కాపురమున్నవాళ్ళు. డోసా ప్రేమకథ నాకు నచ్చింది గానీ, ఆ వీడియో గురించి ఇంకో పది నిమిషాలు చెప్పుంటే ఇంకా నచ్చేది.

తుఫాను వెళ్ళిన నాలుగో రోజు, ఇంకా కరెంటు రాకముందే, టీ కొట్టు ఆయన మా మెట్లెక్కి వచ్చాడు. “ఈడియో తీసేవంట గదా బాబూ, ఓపాలి సూపించు” అన్నాడు. ఫ్రెండ్ కారులో ఛార్జ్ చేసుకొచ్చిన ఫోన్ అది. ఇచ్చాను. నా కేక దగ్గరికి వస్తుందని తెలిసి సౌండ్ తగ్గించబోయాను గానీ, ఫోన్ ఆయన చేతిలో ఉంది. కేక విన్నాడు. ఏమీ అనలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు, మళ్ళీ జరిపాడు.

“ఆ రేకు ఎటేపు ఎల్లిందో అగుపడతాదేటి?”

కనపడదు. అది ఎగిరిన మరుక్షణం నేను కెమెరాని కొబ్బరిచెట్టు మీదికి తిప్పేశాను, అక్కడ ఇంకా బాగా వస్తోందని.