కొన్న ధర కాదు, సాదే ధర చూడాలి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765వ నంబరు జాతీయ రహదారి అమ్రాబాద్ అడవి మధ్య నుంచే పోతుంది. సెలవు దినాల్లో ఈ తొవ్వ మీద ఆర్టీసీ బస్సులు, యాత్రికుల తుఫాన్ బండ్లతో పాటు నేలను రాసుకుంటూ పోయే రెండు తలుపుల విదేశీ కార్లూ కనబడుతున్నాయి. వాటన్నిటినీ షోరూంలో కొత్తగా కొన్నారనుకుంటే పొరపాటు. తుక్కుగూడ నుంచి కల్వకుర్తి దాకా ఎకరం ధర ఆకాశానికెక్కిన ఊళ్లలో, భూమి అమ్మిన పైసలు చేతికొచ్చిన ఇళ్ల ముందుకు మొదట పాత బెంజ్‌లు, ఆడీలు వచ్చాయి. ఇప్పుడు మాట పోర్షే, లంబోర్గిని దాకా పోతోంది. ఆశ పుట్టించే లెక్క ఒక్కటే. ఒకప్పుడు కోటి రూపాయల బండి ఇప్పుడు పదిహేను లక్షలకు దొరుకుతోంది, కొత్త ఇన్నోవాకు పెట్టే సొమ్ముతో దీన్నే కొనొచ్చు కదా అని. ఈ లెక్కలో అబద్ధం లేదు, సగం నిజమే ఉంది. పడిపోయింది కొనే ధర మాత్రమే. ఆ బండిని నడిపే ఖర్చు, బాగుచేసే ఖర్చు, కాగితాల ఖర్చు ఇప్పటికీ కోటి రూపాయల దగ్గరే నిలబడి ఉన్నాయి. పాత స్పోర్ట్స్ కారు స్థోమతను కొన్న ధరతో కాదు, అది పుట్టిన ధరతో కొలవాలన్నదే నా వాదన.

అమ్రాబాద్ పీఠభూమి పొడ తూర్పు పశువులకు పుట్టిల్లు. ఇక్కడి రైతుకు తెలిసిన సంగతే: ఎద్దు ముసలిదైతే సంతలో ధర తగ్గుతుంది, మేత మాత్రం తగ్గదు. కారుకూ ఇదే న్యాయం. లెక్క కోసం, కోటి రూపాయల కారుకు సర్వీసు, టైర్లు, రిపేర్లు కలిపి ఏటా మూడు లక్షలు అవుతుందనుకుందాం. మొదటి యజమానికి అది కొన్న ధరలో మూడు శాతం, ఆయన జేబుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే బండిని పదిహేను లక్షలకు కొన్నవారికి ఆ మూడు లక్షలు కొన్న ధరలో ఇరవై శాతం. ఐదేళ్లు ఉంచుకుంటే బండి ధర ఇంకోసారి కట్టినట్టే. పైగా బండి పాతబడుతున్నకొద్దీ రిపేర్లు పెరుగుతాయే గాని ఆ మూడు లక్షల దగ్గరే ఆగవు. మొదటి యజమాని అమ్ముకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. పెద్ద ఖర్చు దగ్గరపడ్డప్పుడే చాలా బండ్లు సంతకొస్తాయి.

ఈ బండ్ల లోపల ఏముందో చూస్తే ఆ ఖర్చు ఎందుకు తగ్గదో అర్థమవుతుంది. ఫెరారీ 348, ఎఫ్355 లాంటి మోడళ్లలో ఇంజిన్ సీట్ల వెనక ఇరుకుగా కూర్చుని ఉంటుంది. దాని టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్‌ను మొత్తం కిందికి దింపాలి. బండి తిరిగినా తిరగకున్నా కొన్నేళ్లకోసారి ఆ పని తప్పదు, ఎందుకంటే రబ్బరు కిలోమీటర్లను కాదు, ఏండ్లను లెక్కపెడుతుంది. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. లంబోర్గిని గల్లార్డోలో ఈ-గేర్ రకం ఇంకో కథ. అందులో క్లచ్ పెడల్ ఉండదు, క్లచ్ మాత్రం ఉంటుంది. డ్రైవరు కాలు చేయాల్సిన పనిని హైడ్రాలిక్ పంపు చేస్తుంది. టోల్‌గేట్ ముందు అడుగడుగూ కదులుతున్నా, ఎత్తు మీదికి రివర్స్ తీస్తున్నా ఆ క్లచ్ అరుగుతూనే ఉంటుంది, కాలికి ఏమీ తెలియదు. కంప్యూటర్ తగిలిస్తే ఎంత శాతం అరిగిందో తెరమీద చూపిస్తుంది. మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాల్సిందే. ఫెరారీ కంపెనీ 2011లో ఏడేళ్ల సర్వీసు పథకం తెచ్చింది. యజమాని మారినా ఆ గడువులోపు షెడ్యూల్ సర్వీసులకు విడిగా పైసలు కట్టనక్కరలేదు. అంటే తొలి ఏడేళ్ల ఖర్చు కొత్త ధరలోనే కలిసిపోయి ఉంది. ఎనిమిదో ఏడు నుంచి బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో చెప్పనక్కరలేదు.

ఇక మన తొవ్వల సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి మెల్లగా దిగాలి. ఊరోళ్లు సిమెంటుతో పోసుకున్న బ్రేకర్లకు ఆ కొలతలేవీ పట్టవు. ఈ కార్ల కడుపుకూ నేలకూ మధ్య ఉండేది జానెడులో సగమో, కొంచెం ఎక్కువో. అందుకే కొన్నిటికి ముందు భాగాన్ని కాసేపు పైకి లేపే హైడ్రాలిక్ ఏర్పాటు ఉంటుంది. అది పాడైతే అదొక ఖర్చు, అది లేకుంటే బంపరు గీసుకుపోవడం ఇంకో ఖర్చు. మన్ననూరు దాటాక పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు బంద్. వటవర్లపల్లి దగ్గరో, దోమలపెంట దగ్గరో పొద్దుగూకే వేళ బండి మొరాయిస్తే దాన్ని మామూలు క్రేనుతో ఈడ్చుకుపోలేరు, కింది భాగం దెబ్బతింటుంది. చదునైన ఫ్లాట్‌బెడ్ లారీ హైదరాబాద్ నుంచి రావాలి, అది తెల్లారేదాకా చెక్‌పోస్టు దగ్గరే ఆగాల్సి రావచ్చు. అచ్చంపేటలో గాని, నాగర్‌కర్నూల్‌లో గాని ఇలాంటి బండికి కంపెనీ వర్క్‌షాపు లేదు. కొత్త బండి యజమానికి కంపెనీ రోడ్‌సైడ్ సాయం ఉంటుంది. పాత బండి యజమానికి ఫోన్‌లో తెలిసినవారి నంబర్లే దిక్కు.

సర్కారు కూడా పుట్టిన ధరనే చూస్తుంది. తెలంగాణలో 20 లక్షలు దాటిన కార్లకు 2022లోనే లైఫ్ టాక్స్ 18 శాతం అయింది, తర్వాత అది ఇంకా పెరిగింది. వేరే రాష్ట్రం నుంచి పాత బండి తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేయిస్తే వయసును బట్టి శాతం తగ్గుతుంది గాని, ఆ శాతాన్ని వేసేది బండి అసలు ధర మీద. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. మామూలు కారుకు ఆ ఫీజు 2022 నుంచి ₹5,000, దిగుమతి చేసుకున్న కారుకు ₹40,000. ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కార్లకు 2025లో దాన్ని ₹80,000 చేశారు. బీమా మాత్రం తిరగబడి, మన మీదికే వస్తుంది. బీమా కంపెనీ బండికి కట్టే విలువ ఐదేళ్లకే సగానికి పడుతుంది, ఆ తర్వాత బేరాన్ని బట్టి ఇంకా తగ్గుతుంది. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్కగడతారు. పన్నెండు లక్షల విలువ కట్టిన బండికి ముందు నుంచి గట్టి దెబ్బ తగిలితే హెడ్‌లైట్లు, రేడియేటర్లు, బంపరు కలిపే ఆ గీత దాటొచ్చు. ఒక్క దెబ్బతో బండి తుక్కు కింద జమ.

దీనికి మొదటి అభ్యంతరం నాకు తెలుసు. షోరూంకు ఎవరు పొమ్మన్నారు, ఆటోనగర్‌లో మంచి మెకానిక్‌లు లేరా, ఢిల్లీ మాయాపురిలో, చెన్నై పుదుపేటలో పాత సామాను దొరకదా అని. మెకానిక్‌ల పనితనం మీద నాకు అనుమానం లేదు. బెంజ్, బీఎండబ్ల్యూ వంటి వేల సంఖ్యలో అమ్ముడైన బండ్లకు ఈ మాట చాలావరకు చెల్లుతుంది. వాటి సామాను తుక్కు బజార్లలో దొరుకుతుంది, వాటి జబ్బులు మెకానిక్‌లకు తెలిసిపోయాయి. స్పోర్ట్స్ కార్లకు అది చెల్లదు. దేశం మొత్తంలో కొన్ని పదులు ఉన్న మోడల్‌కు తుక్కు బజారు ఎక్కడినుంచి వస్తుంది? సామాను దిగుమతి కావాలి, కంప్యూటర్ తాళం ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే తెరుచుకోవాలి. 2025 సెప్టెంబరులో టైర్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. అది పన్నులో తగ్గుదల, అసలు ధరలో కాదు.

రెండో అభ్యంతరం ఇంకొంచెం గట్టిది. నెలకోసారి బయటికి తీస్తాం, ఏం అరుగుతుంది అంటారు. టైరు పక్కన చూడండి. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. పైన పట్టీ కొత్తదిలా ఉన్నా లోపలి రబ్బరు గట్టిపడి ఉంటుంది. అలాంటి టైరుతో శ్రీశైలం ఘాట్ మలుపులో వేగంగా తిప్పడమంటే ప్రాణంతో పందెమే. నిలబెట్టిన బండికి బ్యాటరీ చస్తుంది, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను లాగుతుంది, దానికోసం తయారుకాని పాత గొట్టాలను, సీళ్లను నమలుతుంది. నెలల తరబడి ట్యాంకులో నిలవున్న పెట్రోలుతో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తక్కువ తిప్పితే ఖర్చు తగ్గదు, ఖర్చు పేరు మారుతుందంతే.

మూడోది ఆస్తి వాదం. అరుదైన కార్ల ధర పెరుగుతుంది, ఇది ఖర్చు కాదు పెట్టుబడి అని. ప్రపంచంలో కొన్ని ఫెరారీలు, పోర్షేలు అలా పెరిగినవి ఉన్నాయి. వాటికి పుట్టినప్పటి నుంచి సర్వీసు రికార్డు ఉంటుంది, కొనేవాళ్లు దేశదేశాల్లో ఉంటారు. ఇక్కడ కొనేవాళ్లే వేళ్ల మీద లెక్క. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలో, పహాడీ షరీఫ్ పోలీసుల పరిధిలోని మామిడిపల్లి దగ్గర, 2009 మోడల్ లంబోర్గినిని కొనుగోలుకు చూస్తామని రప్పించి పైసల గొడవలో తగలబెట్టిన సంగతి పేపర్లలో వచ్చింది. అది ఒక నేరం, బజారు మొత్తానికి రుజువు కాదు. కానీ అమ్మకం రాతపూర్వకంగా కాకుండా మధ్యవర్తుల మాట మీద నడిచే చోట బండి ధర ఎంత పెళుసుగా ఉంటుందో అది చూపిస్తుంది. కాగితాల ముప్పు కూడా ఉంది. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో, భూటాన్ నుంచి దొంగదారిన వచ్చాయన్న అనుమానంతో ఖరీదైన బండ్లను స్వాధీనం చేసుకున్నారు. సుంకం ఎగ్గొట్టింది మొదట తెచ్చినవారైనా, బండి పోయేది ఆఖర్న కొన్నవారి వాకిట్లోంచే.

చివరి మాట: ఇష్టానికి లెక్కలేంటి, ఎవరి సొమ్ము వారిది అని. దీనికి నేను తలవంచుతాను. పది సిలిండర్ల ఇంజిన్ చప్పుడు వినాలన్న కోరిక తప్పు కాదు, ఊళ్లోవాళ్లకు పెద్ద బండి ఎందుకన్న వెటకారం అంతకంటే తప్పు. కానీ ఆ సొమ్ము చాలామందికి తాతలనాటి చెలక అమ్మగా వచ్చింది. అది మళ్లీ రాదు. కాబట్టి కొనదలచినవారికి ఒక్కటే మనవి. బండి కొత్తలో ఎంతకు అమ్మారో తెలుసుకోండి, అందులో పదో వంతును మొదటి ఏడాది రిపేర్లకు విడిగా బ్యాంకులో వేయండి. సర్వీసు రికార్డు, దిగుమతి సుంకం రసీదు, కంప్యూటర్‌లో క్లచ్ అరుగుదల, టైరు మీది నాలుగు అంకెలు చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి. ఆ పదో వంతు పక్కన పెట్టడానికి చేతులు రాకపోతే ఆ బండి మీ స్థోమతకు మించింది. బేరం ఎంత బాగున్నా వదిలేయండి.